పాత చీర కట్టే పరుపు

ఆదోని,
1979 ఆగస్టు.

బొంబాయిలో ఉన్న మా ఇంటాయనకు లాలాబీ సలాములు. అల్లా దయ వల్ల ఇక్కడ పిల్లలూ నేనూ బాగున్నాం. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులే గానీ నోటికి ఏ నొప్పీ లేదు. మీరు వేళకు తింటున్నారనే అనుకుంటున్నాను.

మీ ఉత్తరం అందింది. వాన పడిందా అన్నారు, పడలేదు. మేక ఈనిందా అన్నారు, ఈనింది, రెండూ పోతు పిల్లలే. ఇక పరుపు సంగతి. కిందటి ఉత్తరంలో బిడ్డల పరుపు గురించి నేను మురిసిపోయి రాసినందుకు, దాన్ని ఎట్లా చేశానో మొదటి నుంచి చివరి దాకా రాసి పంపమన్నారు. మీరు పని చేసే పరుపుల దుకాణం సేటు దాన్ని తన పేరుతో అమ్ముతాడట, మిమ్మల్ని మేస్త్రీని చేస్తాడట. సరే, రాస్తాను. మీరు చదువుకోవడానికే గానీ సేటుకు వినిపించడానికి కాదు.

పక్కింటి సుంకమ్మ కూతురు కాన్పయినప్పుడు చూడబోయాను. గోనెసంచి మీద పాత చీర పరిచి బిడ్డను పడుకోబెట్టారు. ఆ లేత వీపంతా గోనె అచ్చు పడింది. నాకు ఒళ్లు మండిపోయింది. దూది ఏకేవాళ్ల పక్కింట్లో పుట్టిన బిడ్డకు గోనెసంచా! జిన్నింగు మిల్లు నుంచి దూది తెచ్చి, గోడకున్న మీ ఏకుడు విల్లు దించి నేనే ఏకాను.

"ఆడది విల్లు పడ్తాదా? ఎవురన్నా సూస్తే?" అంది అత్తమ్మ.

"సూడనీ అత్తా, కండ్లుండేది అందుకే గదా," అన్నాను.

ఎమ్మిగనూరులో పూల అచ్చు గుడ్డ కొని, ముచ్చటగా చిన్న చిన్న పరుపులు కుట్టి, అక్కడి సంతకే తీసుకుపోయాను. ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఆడవాళ్లంతా తడిమి చూడడం, ఎంత మెత్తగుందో అనడం, పక్కన పెట్టి పోవడం! సాయంత్రానికి మంత్రసాని దేవక్క అటుగా వచ్చి నన్ను మొట్టినంత పని చేసింది.

"యామ్మా లాలాబీ, నీకు మతి ఉండాదా? పురిటి బిడ్డను కొత్త గుడ్డ మీద యాడన్నా పండబెడ్తారా? పురుడు ఎల్లేదాంక పాతదే గదా!"

సిగ్గుతో చచ్చిపోయాను. నా బిడ్డలందరినీ మా అమ్మ పాత చీరల్లో చుట్టినదాన్నే కదా నేను! అంగట్లో పెట్టే సరుకు అనేసరికి ఆ మాటే తట్టలేదు.

ఇంటికొచ్చి పూల గుడ్డలన్నీ విప్పి పారేశాను. లోపల దూది నిలిచేందుకు పల్చటి తెల్ల గుడ్డ ఉంచి, నాలుగు మూలలా నాడాలు కుట్టాను. ఎవరింటి పాత చీర వాళ్లు మడిచి, పైన పరిచి, ఆ నాడాలతో కట్టుకోవాలి. తడిస్తే విప్పి ఉతుక్కోవచ్చు. దేవక్క తాను పోయిన పురుళ్లలో వాడి చూసి, దూది ఒక పక్కకు జారుతోందంది. అప్పుడు దూది కదలకుండా మధ్య మధ్యలో దారంతో టాకాలు వేశాను. మళ్లీ సంతకు పోయి, "సీర మీది, మెత్తన నాది, రాండమ్మా!" అని గొంతు పోయేలా అరిచాను. మధ్యాహ్నానికే గంప ఖాళీ. ఇప్పుడు గుడ్డల అంగడి తిమ్మన్న, మళ్లీ ఎప్పుడు తెస్తావని కబురు మీద కబురు పెడుతున్నాడు.

ప్రతి పరుపు మూలనా ఎర్ర దారంతో 'ఆదోని లాలాబీ' అని కుడుతున్నాను. మొగుడి పేరు కుట్టకుండా ఇదేం చోద్యమని అత్తమ్మ రెండు పూటలు అన్నం మానేసింది. మూడో పూట తినింది లెండి.

ఇక మీకు కోపం తెప్పించే సంగతి. ఇది చెప్పలేకే ఇంతసేపూ వాననూ మేకనూ పట్టుకుని వేలాడాను. నేను జవాబు రాసేలోపే మీ సేటు మనిషి మీ చీటీతో మన ఇంటికి వచ్చాడు. ఇతనికి పరుపు ఇచ్చి పంపమని చీటీలో ఉన్నది మీ రాతే. నన్ను అడగకుండానే సరేనన్నారా అని చీటీని రెండుసార్లు చదివాను. అయినా మంచం వేసి, చాయ్ ఇచ్చాను. చాయ్ తాగి, పరుపు ఒళ్లో పెట్టుకుని, సేటు ముద్ర ఇక్కడ వస్తుందంటూ నా పేరున్న మూలకు కత్తెర పెట్టాడు!

లాక్కున్నాను. "కత్తెర తీయప్పా! మీ సేటుకు కావాలంటే అందరి మాదిరి కొనుక్కోమను. నా పేరు మీదనే అమ్ముకోమను," అని వీధంతా వినేట్టు అరిచాను. అతను గడప దిగి, ఇక మీ ఆయనకు అక్కడ పని ఉండదన్నాడు. "పోతే పోనీ," అన్నాను.

అన్నాక భయమేసింది. ఇప్పటికీ భయంగానే ఉంది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోను. మీరు కొట్టినా, తిట్టినా, మాట్లాడడం మానేసినా తీసుకోను. మీరు లేక ఈ ఇల్లు ఇల్లులా లేదు, అది కూడా నిజమే.

ఈపాటికి అక్కడ పని పోయి ఉంటే తల దించుకుని ఎవరినీ బతిమాలకండి. రైలెక్కి వచ్చేయండి. తిట్లేమైనా ఉంటే ఇంటికొచ్చి తిట్టండి, కూర్చుని వింటాను. విల్లు మీ చేతికే ఇస్తాను. పేరు మాత్రం ఇవ్వను.

ఇట్లు,
మీ పిల్లల తల్లి, మీ ఇంటిది,
ఆదోని లాలాబీ