ఖాళీ గిన్నె

జూన్ 3
దొరసాని బీరువా వెనక దూరింది. ఎంత పిలిచినా రాలేదు. పిల్లికి ఆ పేరు పెట్టింది మా ఆయనే. పిలవగానే వస్తే ఇంక దొరసాని ఏంటని ఈయన జోకు.

నేను ఏడింటికల్లా బస్సెక్కాలి కాబట్టి దానికి తిండి పెట్టేది ఈయన. సాయంత్రం వచ్చేసరికి గిన్నె నున్నగా ఉంది. తింటోంది కదా, ఇంకేం భయం.

పదో తారీకు సూపర్‌వైజర్ పోస్టుకి ఇంటర్వ్యూ. గార్మెంట్ ఫ్యాక్టరీలో, కుట్టిన చొక్కాల్లో తప్పులు వెతికే చెకింగ్ టేబుల్ దగ్గర పదకొండేళ్లుగా నిలబడే ఉన్నాను. కాళ్లు పోయాయి. ఈసారైనా కూర్చునే ఉద్యోగం రావాలి.

జూన్ 5
ఒళ్లు నాక్కోవడం మానేసింది. వీపు మీద బొచ్చు ఉండలు కట్టింది. ఎత్తుకుంటే తేలిగ్గా ఉంది. ఈయన్ని అడిగాను. పొద్దున కూడా గిన్నె ఊడ్చేసిందట. నీకన్నీ అనుమానాలే, ముందు ఇంటర్వ్యూ సంగతి చూసుకో అన్నాడు.

అనుమానించడానికే కదా నాకు జీతమిచ్చేది!

జూన్ 6
గిన్నె ఖాళీ.

జూన్ 7, సాయంత్రం 6
మనసొప్పక పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ మొదట అడిగింది ఒకటే, తింటోందా అని. రోజూ గిన్నె ఖాళీ చేస్తోందని గట్టిగా చెప్పాను. ఈయన పక్కనే ఉన్నాడు, ఫోన్ చూసుకుంటూ.

అయితే కంగారు లేదు, సోమవారం దాకా చూద్దాం అంది. పిల్లులు జబ్బు దాచుకుంటాయట. తిండి మానేస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దని, లివర్ దెబ్బతింటుందని మరీ మరీ చెప్పింది.

ఈయన విన్నాడు.

జూన్ 10, సాయంత్రం 4
ఇంటర్వ్యూ బాగా అయింది. ఆ హుషారులో వచ్చి దొరసానిని ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. చెవుల లోపల కామెర్లొచ్చినట్టు పచ్చగా ఉంది. చిగుళ్లు కూడా.

టీ పొడి పారేద్దామని చెత్తబుట్ట మూత తీశాను. పాత పేపరు కింద పిల్లి తిండి. ఉబ్బిపోయి, బోలెడు.

ఈయన్ని నిలదీస్తే ముందు నసిగాడు. తర్వాత చెప్పాడు. ఒకటో తారీకు నుంచీ అది సరిగా ముట్టడమే లేదట. నాకు తెలిస్తే లీవు పెట్టి కూర్చుంటానట, ఇంటర్వ్యూ పాడు చేసుకుంటానట. రేపు తింటుందిలే, ఎల్లుండి తింటుందిలే అనుకున్నాడట. అంతా నీ కోసమే అన్నాడు. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి మా ఇంట్లో దొరసాని కాదు.

మరి డాక్టరమ్మ ముందు నోరెందుకు పెగల్లేదంటే, తింటోందని గట్టిగా చెప్పింది నేనే కాబట్టి, అక్కడ నిజం చెప్తే నా పరువు పోతుందనట. నా పరువు! ఎంత కోపం వచ్చిందో ఇక్కడ రాయలేను.

జూన్ 12
ముక్కులోంచి ట్యూబు వేసి పాలలాంటిదేదో ఎక్కిస్తున్నారు. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. రోజూ గిన్నె ఖాళీ అన్నారుగా అంది, అంతే. దానికన్నా చెంప మీద కొట్టినా బాగుండేది.

జూన్ 13, పొద్దున 9
పోయింది.

జూన్ 16
పోస్టు నాకే వచ్చింది. ఈయన మొహం వెలిగిపోయింది. చూశావా అన్నాడు.

చూశాను. ఒక్క కుట్టు జారితే చొక్కా పక్కన పడేసే కళ్లు ఇవి. పది రోజులు ఖాళీ గిన్నె చూసి మురిసిపోయాయి.

జూన్ 19
తిన్నావా అని అడిగాడు. ఖాళీ కంచం చూపించాను.

నమ్మాడు.