అమల పరీక్షలు, అత్తవారి పిండివంటలు

పటమట,
డిసెంబరు 10, 1978

ఇశ్రాయేలుకు,

నువ్వు మా అక్క కొడుకువి, నాకు అల్లుడివి. అయినా ఇరవై రెండేళ్లుగా ఒక సంగతి నాకు మింగుడు పడలేదు. ప్రధానం అయిన పిల్ల మొదటి క్రిస్మస్ అత్తారింట్లో చెయ్యాలని మా అమ్మాయి శౌరమ్మను మీ ఇంటికి తీసుకుపోయారు. మళ్లీ బడికి పంపలేదు.

ఇప్పుడు నీ కూతురికీ అదే చేస్తున్నావు. అమల నా దగ్గరుండి కాలేజీకి పోతోంది. సెమిస్టరు పరీక్షలు ఇరవై మూడు దాకా ఉన్నాయి. పిండివంటలకు పదిహేనుకే పామర్రు రమ్మని కాబోయే అత్తగారు అడిగితే సరేనన్నావట. అరిసెలు వండేందుకు ఆ ఇంట్లో మనుషులు లేరా?

నిన్న పెళ్లికొడుకు మరియదాసు పండగ చీర పట్టుకొచ్చాడు. "పరీక్షలు రాయనివ్వండి తాతయ్యా. మా అమ్మకు మాత్రం నేను చెప్పలేను, మీరే చెప్పాలి" అన్నాడు. "నువ్వేం పెళ్లికొడుకువయ్యా" అన్నాను. నవ్వి, కాఫీ తాగి పోయాడు.

అమల పరీక్షలన్నీ రాస్తుంది. ఇరవై నాలుగున నేనే బస్సులో పామర్రు తీసుకెళ్తాను. ఆ మాట పామర్రు వాళ్లకు నువ్వు చెప్పాలి. చెబుతావో లేదో నువ్వు నాకు రాయనక్కర్లేదు. శౌరమ్మ చేత రాయించు. గురువారంలోగా నాకు అందాలి.

మామయ్య