మూడో నంబరు మూగది

రెండో తారీఖు

బావగారికి నమస్కారం. మీరూ అక్కా కులాసాగా ఉన్నారనుకుంటాను. నేనూ కులాసా అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు.

మీకు ఫోనంటే మంట కాబట్టి ఈ ఉత్తరం. ముప్పై ఆరేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చెవికి ఆ యంత్రం కట్టుకుని కూర్చున్న మనిషిని రిటైరయ్యాక కూడా "హలో" అనమనడం పాపమే.

మా పత్రికలో ఏడేళ్ళుగా నేను రాస్తున్న శీర్షిక మీకు తెలుసు కదా. ఖరీదైన ఇయర్‌ఫోన్లు, వాటి కేబుళ్ళు, జేబులో పట్టే మ్యూజిక్ ప్లేయర్లు తెప్పించుకుని, విని, ఏది మేలో చెప్పడం. పాటలు విన్నందుకు జీతమా అని అందరూ కుళ్ళుకుంటారు. ఒకే పాట ఒకే రోజు నలభైసార్లు వింటే ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు బావగారూ. నా దగ్గర విశేషణాలు కూడా అయిపోయాయి. పోయిన నెల "తేటగా" అని మూడుసార్లు రాశానని ఎడిటర్ ఎర్రసిరాతో సున్నాలు చుట్టాడు.

ఇప్పుడాయన కొత్త మెలిక పెట్టాడు. ఒక్కడి మాట నమ్మలేమని పాఠకులు గోల చేస్తున్నారట. ఈసారి పోలికకి ఇద్దరు వినాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇరవయ్యో తారీఖుకి రెండు సంతకాలూ రాకపోతే శీర్షిక ఇంకొకాయనకి వెళ్ళిపోతుంది. ఆ ఇంకొకాయన అప్పుడే వచ్చి నా కుర్చీ ఎత్తు తనకి సరిపడా తగ్గించుకుని వెళ్ళాడు. యాభై దాటిన వయసులో నాకు వేరే పని ఏదీ రాదు.

లైనులో గరగర వినగానే ఏ వీధిలో తీగ తడిసిందో చెప్పేవారట మీరు. మిమ్మల్ని "చెవి మేస్త్రీ" అనేవారని అక్క ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ చెవి నాకు ఒక్క వారం అరువివ్వండి. పార్సిల్లో మూడు జతల ఇయర్‌ఫోన్లు, నాలుగు కేబుళ్ళు, రెండు ప్లేయర్లు ఉన్నాయి. అన్నిటికీ నంబర్లు అంటించాను.

మీ బామ్మర్ది

తా.క.: నా లెక్కలో ఇయర్‌ఫోన్లలో మూడో నంబరు జతదే మొదటి స్థానం. మీరు ఎవరి మాటా పట్టించుకోకుండా స్వతంత్రంగా విని, అదే రాయండి.


ఐదో తారీఖు

బామ్మర్దికి ఆశీస్సులు.

పార్సిల్ విప్పడానికి ఒక పూట పట్టింది. అట్టపెట్టె, అందులో ఇంకో పెట్టె, అందులో తోలుసంచీ, అందులో స్పాంజి, అందులో చిక్కుడుగింజంత వస్తువు. ఇంత బందోబస్తు మా ఎక్స్ఛేంజికి కూడా లేదు.

ఒకటో నంబరు మర్యాదస్తురాలు. ఫిడేలు వాయించేవాడు ఊపిరి పీల్చడం కూడా వినిపించింది. ఆయన్ని ఒకసారి డాక్టరుకి చూపించుకోమను. రెండో నంబరులో డోలు మోత ఎక్కువ. పక్కింటివాళ్ళు బీరువా జరుపుతున్నారనుకుని రెండుసార్లు లేచి వెళ్ళాను. మూడో నంబరులో ఏమీ లేదు.

కేబుళ్ళ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. తీగని మేం కోరేది తెగకుండా ఉండమని ఒక్కటే, నాలుగూ తెగలేదు. ప్లేయర్లలో ఒకటి సబ్బుబిళ్ళంత ఉంది, రెండోది ఇటుకంత. ఇటుక కాసేపటికి వేడెక్కుతుంది. మోకాలి మీద పెట్టుకుంటే నొప్పికి హాయిగా ఉంది.

ఇట్లు,
మీ బావ

తా.క.: జడలా అల్లిన ఆ వెండి కేబుల్ మీ అక్క చూసింది. అది చెవికి పెట్టుకునేదే అని చెబితే, చెవికైతే ఇంత పొడవెందుకు అంది.


ఏడో తారీఖు

బావగారికి నమస్కారం.

"మూడో నంబరులో ఏమీ లేదు" అన్న మీ మాట చదివి నాకు కళ్ళు చెమర్చాయి. మా రంగంలో ఇంతకు మించిన పొగడ్త లేదు. హోరు లేదు, గరగర లేదు, పాట వెనక ఉత్త నిశ్శబ్దం అని చెప్పడానికి నేను ఏడేళ్ళుగా పేజీలు నింపుతున్నాను. మీరు రెండు మాటల్లో తేల్చేశారు. ఎడిటర్ మురిసిపోయి అట్ట మీద వేయించేశాడు: "చెవి మేస్త్రీ తీర్పు: ఏమీ లేదు! మొదటి స్థానం మూడో నంబరుకే!" అట్ట అచ్చయిపోయింది కూడా.

ఇవాళ మీ ఉత్తరం మళ్ళీ చదువుతుంటే ఒక అనుమానం వచ్చింది. ఏమీ లేదంటే పాట కూడా లేదని కాదు కదా?

ఎందుకైనా మంచిదని రాస్తున్నాను, కోప్పడకండి. ప్లేయర్ పక్కన ఒక బటన్ ఉంటుంది. దాన్ని నొక్కాలి.

మీ బామ్మర్ది

తా.క.: నొక్కి, వదిలేయాలి.


తొమ్మిదో తారీఖు

బటన్ నొక్కడం నేర్పిన గురువుగారికి నమస్కారాలు.

నువ్వు పలక మీద అక్షరాలు దిద్దేనాటికి నేను రోజుకి రెండువేల బటన్లు నొక్కేవాణ్ణి. నొక్కి, వదిలేసేవాణ్ణి కూడా.

మూడో నంబరులో పాట లేదు, మాట లేదు. మీ నాలుగు కేబుళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి తగిలించాను. రెండు ప్లేయర్లకీ మార్చి మార్చి పెట్టాను. శబ్దం నిండుగా పెంచాను. రబ్బరు తొడుగులు చిన్నవి, పెద్దవి, మధ్యరకానివి అన్నీ తొడిగాను. చివరికి ఊది కూడా చూశాను. అది మూగది. సంతకం పెట్టమంటే పెడతాను గానీ, మరణ ధ్రువపత్రం మీద అయితేనే. దాన్ని తిరిగి పంపిస్తున్నాను.

ఇట్లు,
బావ

తా.క.: ఇటుక ప్లేయర్ మాత్రం ఉంచుకున్నాను. రెండో మోకాలు మిగిలింది.


పన్నెండో తారీఖు

బావగారికి,

పార్సిల్ అందింది. విప్పగానే చెవుల్లో పెట్టుకున్నాను. అదే పాట, అదే ఫిడేలు, చక్కగా పాడుతోంది! మూడు గంటలు విన్నాను. రెండు పక్కలా సమానంగా, నిండుగా, గిన్నెలో పాలు పోసినట్టు ఉంది. వ్యాసంలోనూ ఈ మాటే రాసేశాను.

పెద్దవారు, అనకూడదు గానీ, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మీ వాటం. వయసుతో చెవి మందగించడం తప్పేమీ కాదు. ఒకసారి చూపించుకోండి. ఈలోగా దాన్ని మళ్ళీ పంపిస్తున్నాను. గడువు ఎనిమిది రోజులే ఉంది. కొత్తాయన నా సొరుగులో తన దువ్వెన పెట్టుకున్నాడు.

మీ బామ్మర్ది

తా.క.: కోపం రాకపోతే ఇంకోమాట. చెవిలో పెట్టుకోవాల్సింది తొడుగు ఉన్న వైపు.


పద్నాలుగో తారీఖు

ఒరేయ్,

పెట్టాను. చచ్చే ఉంది.

నా చెవి మందగించిందని రాయడానికి నీకు సిగ్గు లేదూ? ఒకటో నంబరులో ఫిడేలువాడి ఊపిరి విన్నవాణ్ణి, మూడో నంబరులో పాటే వినలేనా? నాకు ఇప్పుడు అర్థమవుతోంది. నువ్వు అసలు వినకుండానే రాస్తున్నావు. ఆ కంపెనీవాళ్ళు నీకేం ముట్టజెప్పారో నాకు తెలియదు గానీ, నా చెవిలో పువ్వు పెట్టాలని చూడకు. ఉలుకూ పలుకూ లేనిదాన్ని గిన్నెలో పాలు పోసినట్టుందని రాసే మనిషికి నా సంతకం ఇవ్వను.

బావ

తా.క.: మీ అక్క నీ మీద బెంగ పెట్టుకుంది. నేను పెట్టుకోలేదు.


పదహారో తారీఖు

బావగారికి,

ఏడేళ్ళలో ఎవరి దగ్గరా పైసా ముట్టలేదు. నేను వినకుండా ఒక్క వాక్యం రాయలేదు. అక్క మీద ఒట్టు.

ఇక నేను వాదించలేను. అలిసిపోయాను. పొద్దున్నే లేచి చెవుల్లో అవి దూర్చుకోవాలంటేనే ఏడుపొస్తోంది. రెండేళ్ళుగా ఏది విన్నా సగమే వింటున్నట్టు ఉంటోంది. అయినా పూర్తిగా విన్నట్టే రాయాలి. ఎవరైనా కనిపెట్టేస్తారేమోనని ప్రతి నెలా భయమే. ఇంటిదానికి కూడా చెప్పుకోలేదు. మీరు సంతకం పెట్టొద్దు. ఇరవయ్యో తారీఖున కుర్చీ ఆయనకే ఇచ్చేస్తాను. ఎత్తు ఎలాగూ ఆయనకి సరిపోయింది.

మిమ్మల్ని చెవి చూపించుకోమన్నాను, క్షమించండి. ఆ మాట నేను అనకూడదు.

మీ బామ్మర్ది

తా.క.: ఏమీ లేదు.


పద్దెనిమిదో తారీఖు

నాయనా,

ఇది రేపటికే నీకు అందేలా కొరియర్లో పంపిస్తున్నాను. కూర్చుని చదువు.

నీ ఉత్తరం చదివి మీ అక్క ఏడ్చింది. ఏడుస్తూనే ఆ మూడో నంబరు లాక్కుని చెవుల్లో పెట్టుకుంది. కాసేపు విని, "ఒక పక్క పాడుతోంది, ఇంకో పక్క చచ్చింది. ఈమాత్రం దానికి ఇద్దరు మగవాళ్ళు పదహారు రోజులు కొట్టుకున్నారా?" అంది. చచ్చింది ఎడమ పక్కది. కుడిది పాడుతోంది. నువ్వు రాసినట్టే, చాలా బాగా పాడుతోందట.

ఇక నా సంగతి. ముప్పై ఆరేళ్ళూ ఆ యంత్రం కుడి చెవికే కట్టుకున్నాను. రిటైరవడానికి ముందే ఆ చెవి పోయింది. చెవి మేస్త్రీకి ఒక చెవి లేదని ఎవరికి చెప్పుకోను? మీ అక్కకి కూడా చెప్పలేదు. నేను విన్నవన్నీ ఎడమ చెవితోనే. అందుకే మూడో నంబరు నాకు మూగదైంది.

నీ ఉత్తరంలో "సగం" అన్న మాట దగ్గర ఆగిపోయాన్రా. ఎడమ పక్క చచ్చిన జతని రెండు పక్కలా సమానంగా ఉందని ఒట్టుపెట్టి మరీ చెబుతున్నాడంటే, వాడు అబద్ధమైనా ఆడుతుండాలి, ఎడమ చెవైనా పోయి ఉండాలి. నువ్వు అబద్ధం ఆడవు. లంచమన్న మాట అన్నాను చూడు, అది నన్ను తినేస్తోంది. రెండేళ్ళు ఒక్కడివీ ఎలా మోశావురా? నాకైనా చెప్పకపోయావా? అంటే, నేను మాత్రం ఎవరికి చెప్పానులే.

మీ ఎడిటర్ ఇద్దరు వినాలన్నాడు, ఇద్దరం విన్నాం. ఇద్దరం విన్నాం కాబట్టే మూడో నంబరులో లోపం దొరికింది. ఒక్కడే వింటే దొరికేది కాదు. ఈ ముక్క ధైర్యంగా వెళ్ళి చెప్పు. నీ చెవి మాట కూడా నువ్వే చెప్పు, కొత్తాయన కనిపెట్టి చెప్పేకంటే అది నయం. కుడి పక్క నీ పేరు, ఎడమ పక్క నా పేరు వేసి శీర్షిక నడపమను. మన ఇద్దరికీ కలిపి ఒక జత ఉంది, అది చాలు. నా సంతకం లోపల పెట్టాను. మూడో నంబరుకి స్థానం లేదని రాసి మరీ పెట్టాను. అట్ట మీద నా తీర్పు మార్చనక్కర్లేదు. దాని కింది వాక్యం మీద కాగితం అంటించమను.

ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళు. నేను వెళ్ళలేదు, అది తప్పు. ఇంట్లో కూడా చెప్పు.

ఇట్లు,
నీ ఎడమ చెవి

తా.క.: ఇంట్లో చెప్పే ముందు బాగా ఆలోచించుకుని చెప్పు. భోజనాల దగ్గర, మంచం మీద మీ అక్క చోటు ఎప్పుడూ నా కుడి పక్కే. తను చెప్పినవాటిలో చాలావరకు నాకు అందలేదని తనకి నిన్ననే తెలిసింది. ఇవాళ కుర్చీ తెచ్చుకుని ఎడమ పక్క వేసుకుని, మొదటినుంచి మళ్ళీ చెబుతోంది. ఇప్పటికి పెళ్ళైన రెండో సంవత్సరం దాకా వచ్చాం. వచ్చే నెల ఇయర్‌ఫోన్లు ఏమైనా ఉంటే తొందరగా పంపు.