అవ్వ వదిలిన కుచ్చుల దారం

నస్పూర్, 9 అక్టోబరు 1986, రాత్రి

లోకంలోని సమస్త దర్జీ మహాశయులారా, బి.ఎస్సీ. చదివిన చేతులతో మీ వృత్తిలోకి చొరబడినందుకు సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

మమ్మల్ని కన్న అవ్వ పోయి నెల దాటింది. అక్క కూతురు చిన్నికి బతుకమ్మ పండుగకని మొదలుపెట్టిన గౌను ఇంకా కుట్టు మిషను మీదే ఉంది. కుచ్చుల కోసం వదులుగా పెద్ద కుట్లు వేసి, లాగడానికి దారం కొసలు వదిలింది. అదే అవ్వ ఆఖరి కుట్టు. ఇంట్లో అందరం ఆ మిషనును తప్పుకుని నడుస్తున్నాం.

ఈ సాయంత్రం చిన్ని రానే వచ్చింది. "మామా, అమ్మమ్మ లేదు గదా, నా గౌను ఎవలు కుడ్తరు?"

"నాతోటి కాదురా తమ్మీ," అంది అక్క. "అవ్వ పక్కన కూసోని అన్నీ చూసినవ్ గదా, జర నువ్వే కుట్టు."

"సరే తియ్యి, నా డిగ్రీకి ఇన్నాళ్లకు నౌకరి దొరికింది," అన్నాను. అక్క నవ్వబోయి కొంగు అడ్డం పెట్టుకుంది.

కొసలు మెల్లగా లాగితే గుడ్డంతా దగ్గరికొచ్చి కుచ్చులు పడ్డాయి. వాటిమీద గట్టి కుట్టు వేశాను, కాస్త వంకరగానే. చిన్ని వేసుకుని గిర్రున తిరిగింది. బాపు ఒక్కసారి చూసి, టిఫిను డబ్బా మరిచిపోయి నైట్ షిఫ్టుకు వెళ్లిపోయాడు.

గట్టి కుట్టు పడ్డాక ఆ వదులు దారం పీకి పారేయాలి.

"పాత దారం తీసినవా?" అని అక్క అడిగింది.

"తీసిన," అన్నాను.

తీయలేదు. ఎవరికీ కనపడకుండా లోపలికి మడిచి కుట్టేశాను.