పిడికిట్లో తాళంచెవి

మదనపల్లె,
3-2-1998

గంగాధరం గారికి,

నిన్న ఉదయం ఆరున్నరకు పుంగనూరు దాటాక మా తమ్ముడు బెన్నీ ఫిట్స్ వచ్చి సైకిల్ మీదనుంచి పడిపోయాడు. మోకాలు చీరుకుపోయింది. మూడేళ్లుగా రాలేదు, మళ్లీ వచ్చింది.

ఆగిన పాలవ్యాను డ్రైవరు, అందరూ చేసేట్టే, ఇనుము తగలాలని వాడి పిడికిట్లో వ్యాను తాళంచెవి పెట్టాడు. తెలివొచ్చాక బెన్నీ దాన్ని ముళ్లపొదల్లోకి విసిరేశాడు. ముగ్గురు మనుషులు గంటసేపు వెతికారు.

బడిలో పిల్లలు వాడి వెనకాల తాళాలు గలగలలాడించేవాళ్లు. కన్యాకుమారి దాకా ఒంటరిగా సైకిల్ తొక్కుతాననేది అందుకే. అక్కడికే పోతున్న మీ కుప్పం సైకిల్ జట్టుతో పొమ్మన్నాను.

"ఒగడే పడితే ఒగడే లేస్తాను గదక్కా. జట్టులో పడితే ఎనిమిది మందీ ఎనిమిది తాళాలు పెడతారు" అన్నాడు.

"రోడ్డు మీద లారీలుండాయి గదరా!"

వాడు పంపు తీసుకుని వెనక చక్రానికి గాలి కొట్టుకున్నాడు.

వాడిని మీతో తీసుకుపోండి. నేను రాసినట్టు చెప్పకండి. పంక్చర్లు వేసే మనిషి కావాలని అడగండి, ఆ పని వాడికి బాగా వచ్చు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి, తేరుకునేదాకా దగ్గరుండండి. చేతిలో ఏమీ పెట్టొద్దు.

మీ జట్టు వచ్చే మంగళవారం కదులుతుందని విన్నాను. బెన్నీ సోమవారం ఉదయం ఐదింటికి ఇక్కడ బయలుదేరి, సాయంత్రానికి కుప్పం బస్టాండు దగ్గరి లాడ్జిలో దిగుతాడు. నేను ఐదుంబావు కుప్పం బస్సులో, రోడ్డు పక్కన సైకిళ్లు కనిపించే ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుని వస్తాను.

ఇట్లు,
బెన్నీ అక్క