నయంకాని మనిషి సాక్ష్యం

6 నవంబర్, గురువారం

వచ్చింది. మూడేళ్ళ రెండు నెలల తర్వాత మళ్ళీ వచ్చింది.

బాత్రూంలో. తెలివొచ్చేసరికి నేల మీద ఉన్నాను. బకెట్ నిండి పొర్లిపోతోంది. నాలుక కొరుక్కుని నోరంతా రక్తం. ఫిట్స్ అనే మాట ఈ డైరీలో మళ్ళీ రాస్తాననుకోలేదు. మా ఆయన అప్పటికే పార్సిల్ ఆఫీసుకి వెళ్ళిపోయారు. ఎవరూ చూడలేదు. నేల కడిగేసి, చీర కట్టుకుని, గవర్నర్‌పేట షాపుకి వెళ్ళి బిల్లింగ్‌లో కూర్చున్నాను. మాట తేడాగా వస్తోందేమని అడిగితే వేడి కాఫీకి నాలుక కాలిందన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో.

7 నవంబర్

చర్చి యూట్యూబ్‌లో నా సాక్ష్యానికి నలభై వేల వ్యూస్. ప్రార్థన చేయించుకున్నాను, ఆ రోజే మాత్రలు ఆపేశాను, ప్రభువు తీసేశాడు, మళ్ళీ రాలేదు. మైకు పట్టుకుంటే నాకు నేనే ముద్దొస్తాను మరి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు వణకాలో అన్నీ తెలుసు.

ఇప్పుడేం చెయ్యను దేవుడా.

9 నవంబర్, ఆదివారం

ఆరాధన అయ్యాక మైలవరం నుంచి ఒకావిడ వచ్చి నా చేతులు పట్టుకున్నారు. శౌరమ్మ గారట. వాళ్ళది ఆర్.సి.ఎం., కాథలిక్కులు, మా చర్చి కాదు. అయినా నా వీడియో చూసి బస్సెక్కి వచ్చారు. వెంట తెచ్చిన ఎనిమిదేళ్ళ పాపకి ఫిట్స్. నన్ను చూసి రెండు వారాల క్రితం పాపకి మాత్రలు ఆపేశారట. వచ్చే ఆదివారం పాపని నిలబెట్టి సాక్ష్యం చెబుతామని పాస్టర్ గారికి మాట కూడా ఇచ్చారు. పాప తల మీద చెయ్యి పెట్టమన్నారు. పెట్టాను.

నోరు తెరిచి ఒక్క మాట చెప్పాల్సింది. చెప్పలేదు. ఎంత పిరికిదాన్ని.

10 నవంబర్

శౌరమ్మ గారికి ఫోన్ చేశాను. డాక్టర్ని అడక్కుండా మాత్రలు ఆపకండి అని నసిగాను. ఆవిడ ఎంతో మర్యాదగా అడిగారు.

"మీరు డాక్టర్ని అడిగే ఆపారా అక్కా?"

తన విశ్వాసాన్ని పరీక్షిస్తున్నాను కదూ అని నవ్వారు కూడా. సగం నిజం చెబితే ఇలాగే ఏడుస్తుంది.

12 నవంబర్

మా ఆయనకి చెప్పేశాను. ఆరోన్‌కి కోపం రావడం అరుదు, ఇవాళ వచ్చింది. ఫిట్స్ వచ్చినందుకు కాదు, గడియ వేసుకుని స్నానం చేస్తున్నందుకు. స్క్రూడ్రైవర్ తెచ్చి బాత్రూం గడియ ఊడదీసేశారు. తర్వాత మంచం మీద కూర్చుని ఏడ్చారు.

సాయంత్రం హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. డాక్టర్ గారు నన్ను చిన్నపిల్లని తిట్టినట్టు తిట్టారు. మళ్ళీ మాత్రలు.

15 నవంబర్, శనివారం

పాస్టర్ గారికి చెప్పాను. మందలించలేదు, పాపం. నా కోసం ప్రార్థన చేశారు. తర్వాత, డిసెంబర్ సభలయ్యేదాకా బయట పెట్టొద్దమ్మా అన్నారు. పోస్టర్ల మీద నా ఫోటో వేసేశారు, జనం విశ్వాసం దెబ్బతింటుందట. శౌరమ్మ గారికి తానే మెల్లగా చెబుతారట. ఎప్పుడని అడిగాను. సభలయ్యాక అన్నారు.

ఈలోగా ఆ పిల్ల బడికి వెళ్తూ రోడ్డు మీద పడిపోతే?

ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు. బయట పెట్టొద్దన్న మాట వినగానే హాయిగా అనిపించింది చూడు, అందుకు నా మీదే.

16 నవంబర్, ఆదివారం, మధ్యాహ్నం 3

చెప్పేశాను.

శౌరమ్మ గారిని పిలవబోతుంటే నేను లేచి వెళ్ళి మైకు అడిగాను. ఎప్పుడూ ఉండే ఆ ధోరణి ఏమైందో. పక్కనున్న మైకు స్టాండు పట్టుకుని నిలబడ్డాను. కుర్చీ తెచ్చి వేసింది పాస్టర్ గారే. కూర్చుని చెప్పాను.

"నాకు నయం కాలేదు. పది రోజుల క్రితం మళ్ళీ పడ్డాను. మాత్రలు వేసుకుంటున్నాను. నన్ను చూసి మీ పిల్లలకి ఆపొద్దు. దేవుడు నన్ను వదల్లేదు, అది మాత్రం నిజం."

ఒక్కరూ స్తోత్రం అనలేదు. శౌరమ్మ గారు పాప రెక్క పట్టుకుని, నా వంక చూడకుండా వెళ్ళిపోయారు. ఆరాధనలో కీబోర్డ్ వాయించే ఆరోన్ అది వదిలేసి వచ్చి నా పక్కన నిలబడ్డారు.

బయట చెప్పుల దగ్గర అమలమ్మ గారు, మా సంఘంలో అందరికంటే పెద్దావిడ, నా చెవిలో ఒక రహస్యం చెప్పారు. విశ్వాసం లేదంటారని ఆరేళ్ళుగా ఇన్సులిన్ బైబిల్ సంచిలో దాచుకుని తిరుగుతున్నారట. ఇద్దరం నవ్వాపుకోలేకపోయాం. తర్వాత ఆవిడ ఏడ్చారు.

మూడేళ్ళు నయమైన మనిషిగా ప్రార్థన చేశాను. అప్పుడంతా నా వాగుడే. ఇవాళ ఆ కుర్చీలో చూపించుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. అయినా మాట పూర్తిచేశాను. ఆ బలం నాది కాదు. ఎవరిదో నాకు తెలుసు. ఇంత దగ్గరగా ఆయన ఎప్పుడూ అనిపించలేదు.

18 నవంబర్

శౌరమ్మ గారి ఫోన్ స్విచాఫ్.

19 నవంబర్

స్విచాఫ్. పాప ఎలా ఉందో ప్రభువా.

20 నవంబర్, ఉదయం 8

శౌరమ్మ గారి నంబర్. మాట్లాడింది పాప.

"ఆంటీ, నేను మాత్ర వేసుకున్నా. మీరు వేసుకున్నారో లేదో అమ్మ అడగమంది."

ఇంకా లేదన్నాను. వేసుకునేదాకా ఫోన్ పెట్టనంది.