మాట పడిపోలేదని తెలియజేస్తూ

నాచారం స్నేహపురి కాలనీలోను, పీర్జాదిగూడలో మా తమ్ముడి అపార్టుమెంటు మెట్ల మీదను ఒక వదంతి తిరుగుతున్నది. తారామణికి మాట పడిపోయిందని, ఆ స్థితిలో లాలాపేట నుంచి వచ్చిన ఆయాల ఏజెన్సీవాళ్లు ఆమె వేలిముద్ర వేయించుకుని ఇల్లు రాయించుకున్నారని. రెండూ అబద్ధాలే. నా మాట ఏనాడూ పడిపోలేదు, నేను ఎవరిచేతా మాట పడలేదు. కొన్నాళ్లు మాటను నేనే దాచుకున్నాను. ఇక వేలిముద్ర సంగతి. బి.ఎస్సీ. చదివి, విద్యుత్ మీటర్లు తయారుచేసే ఫ్యాక్టరీ నాణ్యతా విభాగంలో ముప్పై ఏళ్లు, ఇంజనీర్లు పంపిన సరుకును సంతకం పెట్టి మరీ వెనక్కి కొట్టినదాన్ని. నా వేలికి సిరా అంటేది ఓటు వేసిన రోజున మాత్రమే.

కనుక వేమూరి తారామణి అను నేను, కీ.శే. గోపాలరావు గారి భార్యను, డెబ్భై రెండేళ్ల వయసు కలిగి, రంగారెడ్డి జిల్లా ఉప్పల్ మండలం నాచారంలో నివసిస్తూ, తెలివి నిలకడగా, చూపు కళ్లజోడుతో స్పష్టంగా, గొంతు కొంచెం బొంగురుగా ఉండగా, ఎవరి ప్రోద్బలమూ బెదిరింపూ లేకుండా స్వహస్తంతో వ్రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు నేను వ్రాసినది ఏదైనా బయటపడితే అది చెల్లదు.

1. ఈ పత్రం ఇప్పుడెందుకు అవసరమైనదో వారసులు తెలుసుకోవాలి. నా స్వరపేటికలో కంతి ఉన్నదని ఈ వేసవి చివర తేలింది. స్వరపేటికను తీసివేస్తే ప్రాణానికి భరోసా ఉంటుంది, మాట ఉండదు. తీయకపోతే మాట కొంతకాలం ఉంటుంది, ఆపైన ఊపిరికే దారి ఉండదు. మా తమ్ముడు విశ్వనాథం, "డెబ్భై దాటాక కోతలెందుకక్కయ్యా? ఉన్నన్నాళ్లు మా దగ్గరే ఉండు. రేపు రాష్ట్రం రెండయితే ఇక్కడ ఒక్కదానివీ ఏం చేస్తావు?" అన్నాడు. రాష్ట్రం రెండయినా మూడయినా నా వంటగది నా వంటగదే. నేను తేల్చుకోవలసిన ప్రశ్న వేరు. మాట లేని మనిషి, తన ఇంట్లో, తన ఇష్టప్రకారం బతకగలదా? ఆపరేషను సంగతి ఆ జవాబు మీద ఆధారపడి ఉన్నది.

2. లాలాపేట ఫ్లైఓవరు పక్క సందులో వెంకటనర్సమ్మ నడిపే ఏజెన్సీలో పట్టుమని పదిమంది ఆడవాళ్లు లేరు. మొదటిసారి వచ్చినప్పుడు రంగుల కరపత్రం చేతిలో పెట్టి, "మా పిల్లలు మస్తు మంచిగ జూస్తరు మేడం, ఫికర్ జెయ్యకు" అన్నది. తాను చెడ్డదాన్నని చెప్పుకున్న సరుకును నేను ఇంతవరకు చూడలేదు. ఫ్యాక్టరీలో మీటరును కరెంటు నిలకడగా ఉన్నప్పుడు వదిలేసి, హెచ్చుతగ్గులు పెట్టి పరీక్షించేవాళ్లం. ఆ పద్ధతే ఇక్కడా పాటించాను. మనిషిని పంపమని కబురుచేసి, ఆ మనిషి వచ్చిన రోజునుంచి నోరు మూసుకున్నాను. ఫిర్యాదు చేయలేనివాళ్లను ఎట్లా చూస్తారో తెలుసుకోవడానికి నాకు మరో దారి కనపడలేదు. అబద్ధమాడానని నిందించేవారికి నా జవాబు: అబద్ధం ఆడలేదు, అసలు మాటే ఆడలేదు.

3. మొదట వచ్చిన పుష్పకు నా కలర్ టీవీ, రిమోటుతో సహా చెందవలెను. దారికి అడ్డమని నా మంచాన్ని గోడవైపు జరిపి, నా తలాపునే కూర్చుని ఫోనులో, "ఈడ మంచిగున్నదక్కా. ముసల్ది నోరిప్పదు, ఏం దెల్వదు" అని చెప్పింది. నాకంటె ఆ టీవీనే శ్రద్ధగా కనిపెట్టుకున్నది కనుక దానికి తగిన సంరక్షకురాలు ఆమే. అన్నం మాత్రం వేళకు పెట్టింది. అది వ్రాయకపోతే నా పరీక్ష పక్షపాతమవుతుంది.

4. బతుకమ్మకు పుష్ప ఊరికి వెళ్లగా బదులు సుబ్బులు వచ్చింది. మనిషి మారుతున్నదని ఏజెన్సీ నాకు ముందుగా తెలియజేయలేదు. ఇది లోపం. సుబ్బులు పాలు పొంగబెడుతుంది, మధ్యాహ్నం కూర్చున్నచోటే గురకపెడుతుంది, నోటికి తాళం లేదు. మొదటిపూట ముద్ద అందిస్తూ, "పెద్దమ్మా, ఉప్పు సాలకుంటె నా చెయ్యి గిచ్చు" అన్నది. గిల్లాను. "అవ్వో! గింత తక్కువైందా? నీకు గోర్లు గూడ తియ్యాలె" అని నవ్వింది. సాయంత్రం గోళ్లు తీసింది. తియ్యనా అని అడిగి, నేను తల ఊపేదాకా నా చెయ్యి ముట్టుకోలేదు.

ఆ వారంలోనే విశ్వనాథం చూడవచ్చాడు. మాటతోపాటు చెవులూ పోయాయనుకున్నాడో ఏమో, వీధికి వినపడేట్టు పలకరించాడు. సుబ్బులు కాఫీ పెట్టబోతే, "అక్కయ్య ఈ వేళప్పుడు తాగదమ్మా, నాకొక్కడికే తే" అన్నాడు. "ఆమె జెప్పిందా సారు నీకు?" అన్నది సుబ్బులు. "చెప్పేదేముంది? మా అక్క సంగతి నాకు తెలియదా?" అన్నాడు వీడు. "నీకు దెలుసుడు గాదు సారు, తాగేది ఆమె. పెద్దమ్మా, కాఫీ గావాల్నా, వద్దా?" నడుము మీద చేతులు పెట్టుకుని నా ఎదురుగా నిలబడింది. తమ్ముడు ఇంకేదో అనబోతే, "జర ఊకో సారు, ఆమె జెప్తది" అన్నది. కావాలని తల ఊపాను. నిజానికి ఆ వేళప్పుడు నేను కాఫీ తాగను. ఆ రోజు తాగాను.

సుబ్బులుకు నా ఇత్తడి కాఫీ ఫిల్టరు, ఎర్రరాళ్ల దుద్దులు చెందవలెను. ఆమె డికాక్షను కషాయంలా ఉంటుంది. పొడి తగ్గించవలసిందని ఇందుమూలంగా కోరుతున్నాను.

5. వెంకటనర్సమ్మకు మావారు చివరి రెండేళ్లు వాడిన చక్రాల కుర్చీ, నోరు లేని రోగుల మంచం పక్కన పెట్టడానికి ఇత్తడి గంట. ఇల్లు ఆమె అడగలేదు, నేను ఇవ్వలేదు. ఆమె తనిఖీకి వచ్చినప్పుడు గుమ్మంలోనే నిలబడి, "పేషెంట్ ఎట్లున్నదే?" అని పుష్పను అడిగి, చెప్పింది నమ్మి వెళ్లిపోయింది. పరీక్ష ముగిశాక ఆమెను పిలిచి, "నన్నెందుకు అడగలేదు?" అన్నాను. నా గొంతు విని అదిరిపడింది. తరవాత ఇంతెత్తున లేచింది. "మాకు పరీక్ష వెట్టినవా మేడం? గిట్ల జేస్తరా ఎవలన్న? నీకు మాట వడిపోయిందని నేను ఏడ్సిన!" అన్నది. కోపం చల్లారాక, "అడగకపోవుడు తప్పే" అని ఒప్పుకున్నది. ఆమె కోపాన్ని నేను లోపాల్లో చేర్చలేదు. మొన్న వచ్చినప్పుడు కుర్చీ లాక్కుని నాకెదురుగా కూర్చుని, మొదటి ప్రశ్న నన్నే అడిగింది. నేను జవాబు చెప్పడానికి తీసుకున్నంతసేపూ కూర్చున్నది. ఫ్యాక్టరీ భాషలో నా తీర్పు: షరతులతో ఆమోదించడమైనది.

6. నాచారంలోని ఇల్లు, స్థలం, మామిడిచెట్టుతో సహా, విశ్వనాథం కుమార్తె సుష్మకు సర్వహక్కులతో దఖలుపడవలెను. గేటుమీద పేరు మావారిదైనా ఇది నా జీతంతో కట్టిన స్వార్జితం. ఆయన ఉండగా ఈ మాట ఎత్తలేదు. జవాబివ్వలేనప్పుడు ఎత్తడం మర్యాద కాదు గాని, దస్తావేజులో నిజం ఉండాలి. సుష్మ దమ్మాయిగూడలో అద్దెకుంటూ, తండ్రి ఎంత పిలిచినా ఆయన ఇంటికి వెళ్లలేదు. మా ఇంట్లో ఈ మొండితనం ఆడవాళ్లకే వస్తుంది. ఆమె ఇల్లు అమ్ముకున్నా నాకు అభ్యంతరం లేదు, ఎవరో అమ్మమన్నారని అమ్మితే మాత్రం ఉంది.

7. తమ్ముడు విశ్వనాథానికి నా టేపురికార్డరు, అందులో ఉన్న కాసెట్టు. అరవై ఏళ్లుగా నా వాక్యాలను నాకంటె ముందు అతడే ముగిస్తున్నాడు. నా పెళ్లిచూపుల్లో నేను "పెళ్లయ్యాక ఉద్యోగం" అని మొదలుపెట్టగానే "మానేస్తుందండీ" అని అందుకున్నాడు. దాన్ని దిద్దడానికి నేను గొంతు పెంచవలసి వచ్చింది, సంబంధం తప్పిపోయినంత పని అయింది. కాసెట్టులో అరగంట నేను మాట్లాడాను. మధ్యలో అందుకోవడానికి వీలుండదు. చివర అమ్మ పాడే లాలిపాట నాకు వచ్చినంతమేరకు పాడాను. పల్లవి దాటితే నీకు రాదురా, అందుకని.

8. ఈ వీలునామా అమలు బాధ్యత పక్కింటి ఉమామహేశ్వర్ గారిది. రైల్వేలో గార్డుగా చేసినవారు, పచ్చజెండా ఎప్పుడు ఊపాలో, ఎర్రజెండా ఎప్పుడు చూపాలో తెలిసినవారు. వీలునామా మరణానంతరమే చెల్లుతుందన్న సంగతి నేనెరుగుదును. అయినా బతికుండగా పాటించవలసిన రెండు మాటలను ఆయన ఎదుటే వ్రాస్తున్నాను. నా సమ్మతి లేకుండా నన్ను నా ఇంటినుంచి కదల్చరాదు. నన్ను అడిగిన ప్రశ్నకు, నాకు నోరు లేకపోయినా, మరొకరు జవాబివ్వరాదు.

9. పై క్లాజులన్నిటినీ సాక్షులకు నా గొంతుతో నేనే చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు మంచినీళ్లు తాగాను.

10. ఇక నా నిర్ణయం. దీన్ని గురించి తమ్ముణ్ని గాని, సుష్మను గాని సంప్రదించలేదు. వచ్చే బుధవారం స్వరపేటిక తీయించుకుంటున్నాను. ఆసుపత్రినుంచి నేరుగా ఇక్కడికే వస్తాను. ఆ రోజునుంచి సుబ్బులును పంపమని ఏజెన్సీకి చెప్పాను. ఒప్పుదల పత్రం ముందుపెట్టి, "మీవాళ్లెవరైనా సంతకం చెయ్యాలమ్మా" అన్నాడు ఆసుపత్రి గుమాస్తా. కలం తీసుకుని సంతకం నేనే చేశాను. రోగితో సంబంధం అన్న గడిలో "నేనే" అని వ్రాశాను.

నాచారం,
9 నవంబరు 2013, శనివారం

(సంతకం) వేమూరి తారామణి

సాక్షులు:
1. ఎడ్ల కొమురెల్లి, విశ్రాంత పోస్టుమాన్, నాచారం
2. డాక్టర్ సాయి ప్రియ, ఉప్పల్